బిషప్స్‌గేట్‌లోని ఆ ఒక్కంతస్తు బ్యాంకు: అంత ఖరీదైన చోట ఎందుకలా కట్టారు?

మీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. పాత రాతి కట్టడాల మరమ్మతు పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. లండన్‌లో నాకు బాగా ఇష్టమైన నాలుగైదు భవనాల్లో మీరు అడిగినది ఒకటి. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగినదేంటో ముందు చెబుతాను. కొత్త ఉద్యోగంలో చేరి రోజూ లండన్ బ్యాంకుల పేటలోని బిషప్స్‌గేట్ వీధి మీదుగా నడుస్తున్నారు. చుట్టూ నలభై, అరవై అంతస్తుల అద్దాల భవనాలు. వాటి మధ్య థ్రెడ్‌నీడిల్ స్ట్రీట్ మూలలో స్తంభాలు, పైన విగ్రహాలు ఉన్న పాత బ్యాంకు, అదీ ఒక్కటే అంతస్తు. అంత డబ్బున్న బ్యాంకు ఇంత పొట్టిగా ఎందుకు కట్టుకుంది, ఆ స్తంభాలు నిజంగా బరువు మోస్తున్నాయా, రాయి మీద నల్ల మరకలు ఎందుకు తోమించరు, ఇలాంటివి మన వైపు ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒక్కంతస్తే కట్టడం వాళ్లు చూపించుకున్న అసలైన ఐశ్వర్యం. ఎందుకో అర్థం కావాలంటే గోడ కంటే ముందు బ్యాంకు కథ తెలియాలి.

అది నేషనల్ ప్రొవిన్షియల్ బ్యాంకు ప్రధాన కార్యాలయం. 1833లో పెట్టారు. ప్రొవిన్షియల్ అంటే రాజధాని బయటి ఊళ్లది అని అర్థం. ఆ పేరు వెనక పెద్ద చిక్కు ఉంది. అంతకుముందు ఇంగ్లండ్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తప్ప నోట్లు ఇచ్చే ఏ బ్యాంకులోనూ ఆరుగురికి మించి భాగస్థులు ఉండటానికి వీల్లేదు. అందుకే అన్నీ చిన్న చిన్న కుటుంబ బ్యాంకులు. 1825 చివర్లో గడ్డుకాలం వచ్చేసరికి అవి పదుల సంఖ్యలో మూతపడ్డాయి. మరుసటి ఏడాది 1826లో చట్టం మార్చారు. ఎక్కువమంది వాటాదార్లతో పెద్ద బ్యాంకు పెట్టుకోవచ్చు, సొంత నోట్లు వేసుకోవచ్చు, కానీ లండన్‌కు 65 మైళ్ల అవతలే. నేషనల్ ప్రొవిన్షియల్ ఆ దారిలో పెరిగింది. ఊరూరా బ్రాంచీలు పెట్టింది, వాటి నోట్లు చలామణీ అయ్యాయి. డైరెక్టర్ల ఆఫీసు మాత్రం లండన్‌లోనే, అదీ బిషప్స్‌గేట్‌లోనే. విచిత్రం ఏంటంటే, ఆ ఆఫీసులో కూర్చుని దేశం మొత్తం మీద బ్రాంచీలు నడపొచ్చు గానీ, రోడ్డు మీద పోయే లండన్ మనిషికి ఒక ఖాతా తెరవడానికి లేదు; తెరవాలంటే సొంత నోట్లు మానుకోవాలి. ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి.

చివరికి 1866లో బ్యాంకు నోట్ల మీద వచ్చే లాభం వదులుకుని లండన్ వ్యాపారంలోకి దిగింది. మీరు చూస్తున్న భవనం దానికి కాస్త ముందు, 1865కి సిద్ధమైంది. అంటే ఇది ముప్పై ఏళ్లు గుమ్మం బయట నిలబడినవాళ్లు లోపలికి వస్తూ కట్టుకున్న ఇల్లు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అక్కడి నుంచి నాలుగు అడుగుల దూరం. ఆ వీధిలో తలెత్తుకుని నిలబడాలంటే మామూలు భవనం సరిపోదు.

కట్టినది జాన్ గిబ్సన్. 1817లో పుట్టాడు. బ్రిటిష్ పార్లమెంటు భవనం కట్టిన చార్లెస్ బారీ దగ్గర పని నేర్చుకున్నాడు. ఈ బ్యాంకుకు ఊళ్లలో నలభై దాకా బ్రాంచీలు కట్టింది ఆయనే. కాబట్టి బ్యాంకు ఎలా నడుస్తుందో, గుమాస్తా ఎక్కడ కూర్చుంటాడో, డబ్బు కట్టడానికి వచ్చినవాడు ఎక్కడ తడబడతాడో ఆయనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. 1890లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంఘం ఆయనకు రాయల్ గోల్డ్ మెడల్ ఇచ్చింది.

ఇప్పుడు అంతస్తు సంగతి. ఆ రోజుల్లో ఊళ్లలో బ్యాంకు అంటే కింద కౌంటరు, పైన మేనేజరు కాపురం. లండన్‌లో అయితే పై అంతస్తులు ఆఫీసులకు అద్దెకిచ్చేవారు. సిటీలో అడుగు స్థలం బంగారం కాబట్టి ఎవరైనా అదే చేస్తారు. గిబ్సన్ పైన ఏమీ కట్టలేదు. ఎందుకంటే పైన గదులు ఉంటే హాల్లోకి వెలుతురు రాదు.

మన గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి చూసే ఉంటారు. చుట్టూ గదులు, మధ్యలో పైకప్పు తెరిచి ఉంటుంది. వీధి గోడకు కిటికీలు తక్కువ ఉన్నా ఇల్లంతా వెలుగే. ఈ హాలు నడిచేది కూడా అదే సూత్రం మీద. లండన్ వానకు కప్పు తెరిచి పెట్టలేరు కాబట్టి హాలు పొడవునా మూడు గుమ్మటాలు కట్టి, వాటికి అద్దాలు బిగించారు. వెలుతురు నెత్తి మీద నుంచి, నీడలు పడకుండా, సమంగా కౌంటర్ల మీద దిగుతుంది. ఇంగ్లండ్‌లో 1845లో గాజు మీద పన్ను, 1851లో కిటికీల పన్ను పోయాయి. పెద్ద పెద్ద అద్దపు పలకలు అప్పటికి అందుబాటులోకి వచ్చాయి. ఆ పన్నులు ఉన్న రోజుల్లో ఇంత గాజు పరచడం చాలా ఖరీదైన పని.

పైనుంచి వెలుతురు ఆ రోజుల్లో సోకు కోసం కాదు, అవసరం. లెక్కలన్నీ చేత్తో రాసేవారు. సంతకం పోల్చి చూడాలి, నోటు దొంగదో మంచిదో పట్టుకోవాలి. గ్యాస్ దీపం పసుపు వెలుగులో ఇవన్నీ కష్టం. బంగారు సవరన్ల వాడుక కూడా ఎక్కువే. సవరన్ బరువు 8 గ్రాములకు ఒక పిసరు తక్కువ. అరిగిన నాణెం తూకంలో తేలిపోతుంది కాబట్టి కౌంటరు మీద త్రాసు ఉండేది. నాణేలు ఎక్కువైతే చేత్తో లెక్కపెట్టకుండా చిన్న రాగి పారతో తోడి తూచేవారు. ఇంగ్లండ్ పాత బ్యాంకుల వస్తువుల్లో ఆ పారలు ఇప్పటికీ కనిపిస్తాయి. మన పచారీ కొట్లో పంచదార తోడే గరిటెలా ఉంటుంది, అంచు మాత్రం అరిగి అరిగి కత్తిలా పలచబడిపోయి ఉంటుంది. అలాంటిది ఒకటి చేతిలో పట్టుకుని చూశాక నాకు ఈ హాళ్లలో వెలుతురు ఎందుకంత ముఖ్యమో బుర్రకెక్కింది.

ఈ ఆలోచన గిబ్సన్‌కు ఊరికే రాలేదు. పక్కనే ఉన్న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను 1788 నుంచి నలభై అయిదేళ్ల పాటు కట్టినది జాన్ సోన్. 1780లో లండన్‌లో పెద్ద అల్లర్లు జరిగి మూకలు బ్యాంకు మీదికి కూడా వచ్చాయి. దాంతో భద్రత భయం పట్టుకుంది. సోన్ చుట్టూ కిటికీలే లేని గోడ కట్టాడు. గోడకు కిటికీ లేకపోతే లోపల చీకటి, అందుకని హాళ్లన్నిటికీ పైకప్పు నుంచి వెలుగు తెచ్చాడు. బ్యాంకు హాలు అంటే పైనుంచి వెలుతురు అన్న అలవాటు అలా బలపడింది. సోన్ కట్టిన ఆ హాళ్లను దాదాపు అన్నింటినీ 1920లు, 30లలో కూల్చేసి కొత్త భవనం లేపారు. ఆ కొత్త భవనం గీసినది హెర్బర్ట్ బేకర్, మన ఢిల్లీ సెక్రటేరియట్ బ్లాకులు కట్టిన ఆయనే. పాత బయటి గోడ మాత్రం మిగిలింది. ఆ కూల్చివేత గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. గిబ్సన్ హాలు విలువ నా దృష్టిలో రెట్టింపు కావడానికి అదీ ఒక కారణం.

బయటి గోడ దగ్గరికి వద్దాం. స్తంభాలు కొరింథియన్ పద్ధతివి, అంటే తలల మీద ఆకులు చెక్కినవి. ఒక్కొక్కటీ కింది నుంచి పైదాకా ఒకే ఎత్తున సాగుతుంది. వాటి మధ్య కమాను తల ఉన్న పొడవాటి కిటికీలు. కాస్త పరీక్షగా చూడండి, అవి విడి స్తంభాలు కావు. గోడలో సగం కూరుకుని సగం బయటికి ఉబ్బి ఉంటాయి. మీరు అడిగినదానికి జవాబు ఇక్కడ ఉంది. బరువులో ఎక్కువ భాగం మోసేది గోడే. అయితే ఇవి అతికించిన బొమ్మ స్తంభాలు కూడా కావు. ఇలాంటి కట్టుబడిలో రాళ్లు వరస వరసకూ గోడతో కలిసి పేరుస్తారు, కాబట్టి స్తంభం ఉన్న చోట గోడ మందం పెరుగుతుంది, ఆ మేరకు బలమూ పెరుగుతుంది. పక్కన కొత్త భవనాల ముఖద్వారాల దగ్గర స్టీలు కంబానికి పల్చటి రాతి పలకలు తొడిగినవి చూస్తుంటాం. వేళ్లతో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. దీన్ని కొడితే మీ వేలే నొప్పి పెడుతుంది.

కిటికీల పైన చెక్కిన పలకలు ఉన్నాయి. చెక్కినది జాన్ హాంకాక్ అనే శిల్పి. వ్యవసాయం, నౌకాయానం, గనులు, పరిశ్రమలు, ఓడల తయారీ, శాస్త్రం, కళలు, వాణిజ్యం, ఒక్కో పలకకు ఒక్కో విషయం. అన్నిటికీ పైన, కప్పు అంచున నిలబడిన విగ్రహాలు బ్యాంకు వ్యాపారం చేసిన చోట్లకు ప్రతిరూపాలు: మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, న్యూకాజిల్, వేల్స్ వగైరా. పలకల్లో డబ్బు ఎక్కడి నుంచి పుడుతుందో చెప్పారు, విగ్రహాల్లో ఏ ఊళ్ల డబ్బో చెప్పారు. ప్రొవిన్షియల్ అన్న పేరును రాజధాని నడిబొడ్డున దాచుకోకుండా నెత్తిన పెట్టుకున్నారు. నాకు ఈ భవనంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. వేరేవాళ్లైతే గ్రీకు దేవతలను నిలబెట్టి ఊరుకునేవారు.

ఇంత ఆర్భాటం అవసరమా అని మీకు అనిపించవచ్చు. ఇప్పుడు మన దేశంలో బ్యాంకు మునిగినా 5 లక్షల దాకా డిపాజిట్‌కు ఇన్సూరెన్స్ ఉంది. అప్పట్లో ఏమీ లేదు. మనిషి బ్యాంకు లోపలికి వెళ్లేముందు గోడ చూసి నమ్మాలి. ఈ భవనం సిద్ధమైన మరుసటి ఏడాదే, 1866 మే 10న, దగ్గర్లోని లాంబార్డ్ స్ట్రీట్‌లో ఓవరెండ్ గర్నీ అనే పెద్ద వడ్డీ వ్యాపార సంస్థ కోటి పౌండ్లకు పైగా అప్పులతో తలుపులు మూసింది. మర్నాడు ఆ వీధులన్నీ డబ్బు వెనక్కి తీసుకోవడానికి వచ్చిన జనంతో నిండిపోయాయి. అలాంటి రోజున కొత్త సున్నం ఆరీ ఆరని ఈ గోడ ముందు నిలబడినవాడి టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ గోడ అతనికి 'మేం ఎక్కడికీ పోం' అని చెప్పాలి. రాయి, మందం, బరువు, పైన వాడుకోకుండా వదిలేసిన ఖాళీ, అన్నీ ఆ ఒక్క మాట చెప్పడానికే.

తర్వాత 1878లో భవనాన్ని ఉత్తరం వైపు పొడిగించారు. పాత గోడకు అదే కొలత, అదే చెక్కుడు, చూసినవాడికి తేడా తెలియకుండా. ఆ ఏడాదే అక్టోబరులో స్కాట్లాండ్‌లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు కూలింది. అప్పట్లో చాలా బ్యాంకుల్లో వాటాదారు పూచీకి హద్దు లేదు. బ్యాంకు అప్పు తీరేదాకా ఇల్లూ వాకిలీ అమ్మి కట్టాల్సిందే. ఆ బ్యాంకు వాటాదార్లు 1,819 మంది అయితే, చివరికి దివాలా తీయకుండా మిగిలింది 254 మంది. ఆ దెబ్బతో 1879లో చట్టం మార్చారు, బ్యాంకులు పూచీకి హద్దు పెట్టుకోవడం మొదలెట్టాయి. విక్టోరియా కాలపు బ్యాంకు భవనాలు ఎందుకంత గంభీరంగా ఉంటాయని ఎవరు అడిగినా నేను స్తంభాల గురించి కాదు, ఈ 1,819 మంది గురించి చెబుతాను.

ఇక నల్ల మరకలు. నా పని ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆ రాయి పోర్ట్‌లాండ్ రాయి, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ దీవి నుంచి వస్తుంది. సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కూడా దానితోనే కట్టారు. మన నల్లరాయి, గ్రానైట్ లాంటిది కాదు. ఇది సున్నపురాయి. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నది. ఎండ ఏటవాలుగా పడే వేళ దగ్గరికి వెళ్లి చూస్తే రాయిలో ఆలుచిప్పల ముక్కలు కనిపిస్తాయి. వేలితో తడిమితే చిప్ప అంచు గరుగ్గా తగులుతుంది. కట్టినప్పుడు రాయీ చిప్పా ఒకే మట్టంలో నున్నగా ఉండేవి. వాన నీటికి మెత్తటి రాయి మెల్లగా కరిగింది, గట్టి చిప్ప నిలిచింది. ఆ ఎత్తు తేడా చూస్తే వాన ఆ రాయిని ఎంత తినేసిందో తెలుస్తుంది.

వాన తగిలే చోటల్లా రాయి తనంతట తానే కడుక్కుని తెల్లగా ఉంటుంది. అంచుల కింద, ఆకుల చెక్కుడు లోపల వాన తగలదు. లండన్ వందేళ్లకు పైగా బొగ్గు పొగలో బతికింది. ఆ పొగలోని గంధకం సున్నపురాయి పైపొరను జిప్సంగా మార్చేస్తుంది, మన ఇళ్లలో ఫాల్స్ సీలింగ్‌కు వాడే జిప్సమే. అది పెరుగుతూ మసిని తనలో కలిపేసుకుని నల్లటి పెచ్చు కడుతుంది. 1956లో పొగ మీద చట్టం వచ్చాక కొత్త మసి తగ్గింది కానీ పాత పెచ్చు అలాగే ఉంటుంది. అంటే అది రాయి మీద అంటిన మురికి కాదు, రాయి చర్మమే మారిపోయింది. ఇసుక కొట్టి గీకితే మసితో పాటు శిల్పి ఉలి గీతలూ పోతాయి. సన్నటి నీటి తుంపర గంటల తరబడి పట్టి, పెచ్చు మెత్తబడ్డాక చేత్తో తీయాలి. నీరు ఎక్కువైతే లోపలి ఇనుప బిగింపులు తుప్పు పడతాయి. అందుకే తెలిసినవాళ్లు హాని చేయని మరకను చాలాసార్లు అలాగే వదిలేస్తారు.

మరకల కంటే నేను భయపడేది సిమెంటుకు. వేరే ఊళ్లో ఇంకో పాత భవనం మీద పని చేస్తున్నప్పుడు జరిగింది. ఎవరో ముప్పై, నలభై ఏళ్ల కిందట పాత సున్నం అతుకులు తీసేసి గట్టిగా సిమెంటు పూశారు. పరంజా ఎక్కి చూసేసరికి సిమెంటు గీతలు చెక్కుచెదరలేదు, వాటి మధ్య రాయి మాత్రం బెల్లం అచ్చులా రాలిపోతోంది. వేలు పెడితే పొడి. కారణం ఏంటంటే, సున్నం ఊపిరి పీలుస్తుంది. గోడలో చేరిన తేమ అతుకుల గుండా బయటికి పోతుంది, అరిగితే సున్నమే అరుగుతుంది, మళ్లీ పూసుకోవచ్చు. సిమెంటు ఆ దారి మూసేసింది, తేమ రాయిలోంచే బయటపడాల్సి వచ్చింది, పోతూ పోతూ రాయిని తినేసింది. ఆ రోజు కిందికి దిగాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మీ ఊళ్లో పాత ఇంటికి గానీ గుడికి గానీ మరమ్మతు అంటే, దయచేసి సున్నపు పని తెలిసిన మేస్త్రీని వెతికి పట్టుకోండి.

లోపలి సంగతి క్లుప్తంగా చెబుతాను. హాల్లో నున్నగా మెరుగుపెట్టిన ఎర్రటి డెవన్ చలువరాతి స్తంభాలు ఉన్నాయి, వాటి తలలకు బంగారు పూత. చలువరాయి అంటారు గానీ అదీ మెరుగు పట్టే సున్నపురాయే. డెవన్ రాళ్లలో పాత పగడాల గుర్తులు కనిపిస్తాయి. బయట ఆలుచిప్పలు, లోపల పగడాలు.

అయితే ఇది ఇప్పటికీ ఎలా మిగిలింది? నేషనల్ ప్రొవిన్షియల్, వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులు 1968లో కలిసి నాట్‌వెస్ట్ అయ్యాయి. కొత్త బ్యాంకు దీని వెనకే 183 మీటర్ల టవర్ లేపింది, అదే ఇప్పటి టవర్ 42, 1980లో పూర్తయింది. ఆ ప్లానులో పాత హాలును తీసేసే ఆలోచన కూడా ఉండేది, గట్టి వ్యతిరేకత వచ్చింది, హాలు నిలిచింది. ఇప్పుడది గ్రేడ్ 1 జాబితాలో ఉంది, అంటే రక్షణలో అన్నిటికన్నా పై మెట్టు. 1993 ఏప్రిల్ 24న బిషప్స్‌గేట్‌లో లారీ బాంబు పేలి వెనక టవర్ బాగా దెబ్బతింది. హాలు అదీ దాటుకుని నిలబడింది. తర్వాత దీన్ని కట్టినాయన పేరు మీద గిబ్సన్ హాల్ అని పిలుస్తూ విందులకు, పెళ్లిళ్లకు ఇస్తూ వచ్చారు.

మన వైపు ఉన్నాయా అంటే, దగ్గర చుట్టం చెన్నైలో ఉంది. రాజాజీ సాలై మీద స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి. 1843లో మొదలైన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ కోసం 1897లో కట్టారు. ఆ బ్యాంకే 1921లో ఇంపీరియల్ బ్యాంకులో, 1955లో స్టేట్ బ్యాంకులో కలిసింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా భాగం కాబట్టి అది మన బ్యాంకు కూడా. ప్లానుకు తుదిరూపం ఇచ్చినది హెన్రీ ఇర్విన్ అనే ఆర్కిటెక్టు, కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి, మన తెలుగు కుటుంబం మనిషి. మద్రాసు హైకోర్టు కట్టింది కూడా ఆయనే. అక్కడ గ్రీకు స్తంభాల వరసకు బదులు ఎర్ర ఇటుక, కమానులు, గుమ్మటాలు, ఇండో సారసెనిక్ పద్ధతి, అంటే మన పాత కోటలు, మసీదుల పోకడలను బ్రిటిష్ వాళ్లు తమ కట్టుబడిలో కలిపినది. వేషం వేరు గానీ పని అదే, నమ్మకం పుట్టించడం. ఆ నమ్మకం ఎంత అవసరమో 1906లో మద్రాసే చూసింది. అర్బత్‌నాట్ అనే ప్రైవేటు బ్యాంకు కంపెనీ కుప్పకూలి వేలమంది డబ్బు పోయింది, ఆ బాధలోంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. ఆ స్టేట్ బ్యాంకు భవనానికి 2014లో నిప్పంటుకుని చాలా దెబ్బతింది. వార్త చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మీరు లండన్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక పని చేయండి. సెప్టెంబరులో ఓపెన్ హౌస్ అని మామూలుగా మూసి ఉండే భవనాలు చూడనిచ్చే పండగ జరుగుతుంది. ఆ ఏడాది జాబితాలో ఇది ఉందేమో చూసి పేరు రాయించుకోండి. ఈలోగా వాన వెలిసిన ఉదయం పది నిమిషాలు ముందు బయల్దేరి, రోడ్డుకు అవతలి పేవ్‌మెంట్ మీద నిలబడి విగ్రహాలను చూడండి. తర్వాత ఇవతలికి వచ్చి, తడి ఆరకముందే, మీ భుజం ఎత్తున ఉన్న రాయి మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరపండి. ఆలుచిప్ప తగిలాక ఇక్కడికొచ్చి రాయండి, మిగతా ప్రశ్నలకు అప్పుడు జవాబిస్తాను.